అప్‌డేట్: నీటి సానరాళ్ల బల్ల పూర్తయింది, కానీ రాయి ఇరుక్కుపోయింది

ప్లైవుడ్ ముక్క మీద నీళ్లతో తడిపి వాడే సానరాయి పెట్టి ఉలి నూరుతుంటే రాయి జారుతోందని, తడికి ప్లైవుడ్ పొరలు విడిపోతున్నాయని, ఏం చేయాలని పోయిన నెల అడిగాను. టేకు వాడమని, రాయిని ఒక పక్క సన్నగా చెక్కిన ముక్కతో బిగించమని చెప్పారు. అలాగే చేశాను.

పాత తలుపు చట్రంలోంచి తీసిన టేకు పలక మీద రెండు అడ్డపట్టీలు బిగించాను. ఒకదానికి రాయి ఆనుతుంది, రెండోదానికీ రాయికీ మధ్య బిగింపు ముక్క దిగుతుంది. పలక కింద కొట్టిన పట్టీ పని బల్ల అంచుకు తగులుకుంటుంది కాబట్టి ఎంత ఒత్తినా కదలదు.

తప్పు ఎక్కడంటే, బిగింపు ముక్కను మామిడి చెక్కతో చేశాను. దాన్ని సుత్తితో బిగించి, తడి రాయిని రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున్నకి ముక్క ఉబ్బిపోయింది. ఎంత లాగినా రాలేదు, ఎండాకే ఊడింది. చెక్క నారకు అడ్డంగానే ఎక్కువ ఉబ్బుతుంది, ఆ సంగతి తెలిసీ మరిచాను. ఇప్పుడు టేకుతోనే చేసి, అవిసె నూనె పట్టించాను. పని కాగానే రాయిని తీసేస్తున్నాను.

రాయి మధ్యలో గుంటపడుతోందని కూడా అడిగాను కదా. పెన్సిల్‌తో గళ్లు గీసి, అద్దం పలక మీద పరిచిన 220 నంబరు నీటి కాగితంపై (తడిపి వాడే గరుకు కాగితం) గీతలన్నీ చెరిగేదాకా రుద్దుతున్నాను. మొదటిసారి అంచుల గీతలు వెంటనే పోయాయి, నడిమివి మాత్రం మొండికేశాయి!

1000 నంబరు రాయి తర్వాత, ఇంకా నునుపైన 6000 మీద నూరితే ఉలి టేకు అడ్డుకోతను (నారకు అడ్డంగా కోసిన ముఖాన్ని) కూడా నునుపుగా కోస్తోంది. నీళ్లు కారిపోయేందుకు గాడి ఇంకా తీయాలి. అందాకా కింద పాత స్టీలు పళ్లెం పెట్టాను, అది ఇంట్లో అడిగి తీసుకున్నది కాదు.