వంశంలో సోరియాసిస్ ఉందని సంబంధం వద్దనుకోవచ్చా?

జమ్మలమడుగు వాసి:
మా చిన్నాన్న కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. చిన్నాన్న మోచేతుల మీద పొలుసులు చూసి "ఇది రక్తంలో ఉండే జబ్బు, రేపు పిల్లలకూ వస్తుంది" అని అబ్బాయి తరఫువాళ్ళు వెనక్కి పోయినారు. ఇంట్లో ఇప్పుడు మేనత్త కొడుక్కే ఇచ్చేద్దాం అంటాండారు. మీరేమంటారు?

ఆదోని రైతుబిడ్డ:
బాధగానే ఉంది గానీ వాళ్ళను తప్పుపట్టలేం అన్నా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో నూటికి 14 మందికి, ఇద్దరికీ ఉంటే 40 మంది దాకా వస్తుందని చదివినా. తెలిసి తెలిసి ఎవరు చేసుకుంటారు?

అనంతపురం జీవశాస్త్రం టీచర్:
తమ్ముడూ, ఆ 14 జబ్బున్న మనిషి సొంత పిల్లల లెక్క. ఇక్కడ జబ్బు ఉన్నది పిల్ల నాన్నకు, పిల్లకు కాదు. పైగా అవి యూరప్ కుటుంబాలను చూసి వేసిన లెక్కలు. ఉత్తర యూరప్‌లో నూటికి ఇద్దరు ముగ్గురికి సోరియాసిస్ ఉంటే, చైనా, జపాన్‌లలో ఒక్కరికి కూడా ఉండదు. మన దేశంలో 0.44 నుంచి 2.8 శాతం అని రకరకాలుగా రాశారు. అవీ ఎక్కువగా ఆస్పత్రికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టినవే.

జన్యువుల్లో అన్నిటికంటే బలమైనది ఆరో క్రోమోజోమ్ మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ-సి 06:02 రకం. జపాన్‌వాళ్ళలో అది చాలా అరుదు, మన దగ్గర అంత అరుదు కాదు. 40 ఏళ్ళలోపు మొదలయ్యే సోరియాసిస్‌తో దానికి గట్టి ముడి ఉంది. అయినా అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జీవితాంతం జబ్బు రాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం ఉంది. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్, సిగరెట్లు, తాగుడు, కొన్ని బీపీ, మలేరియా మాత్రలు దాన్ని లేపుతాయి.

ఆదోని రైతుబిడ్డ:
అట్లయితే జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోదా అక్కా? మేనరికమైతే దాచేది కూడా ఏమీ ఉండదు కదా.

అనంతపురం జీవశాస్త్రం టీచర్:
తేలదు. సోరియాసిస్‌తో ముడిపడిన చోట్లు మన జన్యువుల్లో 80కి పైగా దొరికాయి. వాటన్నిటినీ కలిపి, జబ్బు వచ్చే అవకాశం ఎంతో చెప్పడానికి వేసే మార్కులు ఎక్కువగా యూరప్‌వాళ్ళ డేటా మీద కట్టినవి, మనకు అంత సరిగ్గా సరిపోవు. ఆ డబ్బు పెట్టొద్దు.

మేనరికం మాటకొస్తే, మేనత్త చిన్నాన్నకు సొంత అక్కో చెల్లెలో కదా! ఏ వంశాన్ని చూసి బయటివాళ్ళు భయపడ్డారో, ఆ వంశమే రెండువైపులా కలుస్తుంది. మామూలు పొలుసుల సోరియాసిస్ ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. కానీ ఒళ్ళంతా చీముపొక్కులు లేచే అరుదైన రకం ఒకటుంది. 2011లో ట్యునీషియా కుటుంబాల్లో ఐఎల్36ఆర్ఎన్ అనే జన్యువు రెండు ప్రతులూ చెడితే అది వస్తుందని తేలింది. దగ్గరి రక్తసంబంధాల పెళ్ళిళ్ళలో అలాంటి జబ్బులకే భయపడాలి.

నంద్యాల నుంచి, సోరియాసిస్ ఉన్నవాణ్ణి:
అబ్బాయి వాళ్ళకు ఇది అంటుకోదని ముందు ఎవరైనా చెప్పినారా? చాలామంది మనసులో అసలు భయం అదే, వంశం మాట పైకి చెప్పేది. నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. వాళ్ళకు లేదు, రేపు వచ్చినా వైద్యం ఉంది.

అన్నా, మీ చిన్నాన్న ఎవరి మాటా విని స్టెరాయిడ్ మాత్రలు మింగకుండా చూసుకోండి. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబడి చీముపొక్కులుగా మారొచ్చు. పొద్దున లేవగానే వేళ్ళు, మడమలు బిగుసుకుంటున్నాయేమో కూడా అడగండి. అట్లుంటే కీళ్ళకు కూడా పాకి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా చూపించండి.