26 మీటర్ల కోర్టులో కార్నర్ త్రీ గీత ఎక్కడ వేయాలి?

అన్నలు, అక్కలు, బాస్కెట్‌బాల్ కోర్టుకు గీతలు వేయించినవాళ్లు ఉంటే చెప్పండి. హనుమకొండలో అండర్-16 ఆడపిల్లలు సాధన చేసే సిమెంటు కోర్టు ఇది. ఇప్పుడున్నది 6.25 మీటర్ల పాత త్రీ-పాయింట్ ఆర్క్ (దీని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే వంపు గీత). ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) అండర్-16 ఆసియా కప్‌లో అమ్మాయిలకు కూడా 6.75 మీటర్లే, అందుకే కొత్తగా గీయాలి.

ఆర్క్‌తో ఇబ్బంది లేదు. రింగు నడిమధ్య నుంచి తూకం గుండు వదిలితే ఎండ్‌లైన్ (రింగు వెనక ఉండే హద్దు గీత) లోపలి అంచుకు 1.575 మీటర్ల దగ్గర తగలాలి. అక్కడ మేకు కొట్టి స్టీలు టేపుతో తిప్పడమే. నైలాన్ తాడు వద్దు, సాగి గీత కోడిగుడ్డులా వస్తుంది. కొలత గీత బయటి అంచుకు, 5 సెం.మీ. మందం లోపలికి.

చిక్కంతా మూలల్లోనే, అక్కడ ఆర్క్ ఆగి గీత సైడ్‌లైన్ పక్కనే తిన్నగా ఎండ్‌లైన్ దాకా పోతుంది. మా కోర్టు రూలు కొలతైన 28×15 మీటర్లు కాదు, 26×14. రూలు ప్రకారం సైడ్‌లైన్‌కు 90 సెం.మీ. వదిలితే మూలలో రింగు నుంచి దూరం 6.60 మీటర్ల బదులు 6.10కే ఆగుతుంది. తిన్నని గీత కూడా ఎండ్‌లైన్ నుంచి 2.99 దగ్గర ఆగక 4.47 మీటర్ల దాకా పోతుంది. ఆ అర మీటరు తక్కువకు చేయి అలవాటైతే పెద్ద కోర్టులో షాట్ రింగు ముందు అంచుకే తగులుతుంది. పోనీ 6.60 ఉంచుదామంటే మిగిలేది 40 సెం.మీ. పాస్ అందుకునే పిల్ల మడమ సైడ్‌లైన్ తొక్కుతుంది, బంతి అవతలి జట్టుకు.

మ్యాచ్‌లకు 90 సెం.మీ. గీత తెల్లగా వేసి, షూటింగ్ సాధనకు 6.60 దగ్గర పసుపు చుక్కలు పెడితే పిల్లలు తికమకపడతారా? ఇంకోటి, మామూలు ఎనామిల్ తడిస్తే జారుతోంది. సిమెంటు మీద రెండు వానకాలాలు ఆగే రంగు ఏది?