యోహాను 3:36: విధేయుడు కానివాడా, నమ్మనివాడా?

పాతకాగితం: యోహాను సువార్త మూడో అధ్యాయం చివరి వచనం నా చెవిలో "కుమారుని నమ్మనివాడు జీవము చూడడు" అని ఉంది. పుస్తకం తీస్తే "కుమారునికి విధేయుడు కానివాడు జీవము చూడడుగాని" అని కనిపించింది. మొదటి సగంలో "విశ్వాసముంచువాడే" అంటూ మొదలుపెట్టి, రెండో సగానికి వచ్చేసరికి విధేయతలోకి ఎందుకు మళ్లింది? గ్రీకులో అక్కడున్నది అపీథియా (అవిధేయత) కుటుంబపు క్రియ అని తెలుసు. మరి నా "నమ్మనివాడు" ఎక్కడిది?

కృష్ణలంక: 18వ వచనాన్ని దీనితో కలిపేసుకున్నారు, అంతే. అక్కడ "విశ్వసింపనివాడు" ఉంది. లేదా ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు మీ చెవిలో పడి ఉంటుంది. 1611 నుంచి అందులో 36వ వచనం కూడా నమ్మనివాడే. 1881 సవరణలో లోబడనివాడు అయ్యాడు. లూథర్ జర్మన్ బైబిలు, పాత లాటిన్ బైబిలు వల్గేట్ రెండూ నమ్మకం పక్షమే.

పాతకాగితం: 18 కాదండీ. "జీవము చూడడు" అనే తోకతో సహా గుర్తుంది. 18లో ఆ తోక లేదు.

వ్యాకరణం మాస్టారు: ముందు ఉచ్చారణ సరిచేసుకుందాం. సెమినరీల్లో చెప్పేది "అపైథెయా". "అపీథియా" అనేది ఈనాటి గ్రీకుల పలుకుబడి. అర్థానికి వస్తే, ధాతువు పైథో. కర్తరి ప్రయోగంలో ఒప్పించడం, గ్రీకు మధ్యమ ప్రయోగంలో ఒప్పుకుని లోబడటం. విశ్వాసానికి గ్రీకు మాట పిస్తిస్ కూడా ఈ ధాతువులోంచి పుట్టిందే. అంటే అవిధేయత, అవిశ్వాసం ఒక తల్లి పిల్లలు. వాళ్లను విడదీయమంటే ఎలా?

శబ్దశోధి: మాస్టారూ, తల్లి ఒకతే అయినంత మాత్రాన పిల్లల పేర్లు మార్చి పిలవలేం కదా. యోహాను సువార్త మొత్తంలో ఈ క్రియ వచ్చేది ఇక్కడ ఒక్కచోటే. నమ్మకపోవడం అనడానికి ఆయన దగ్గర వేరే మాట ఉంది, 18లో వాడాడు కూడా. పద్దెనిమిది వచనాలు తిరిగేసరికి మాట మార్చాడంటే ఊరికే మార్చలేదు. మన అనువాదకులు "విధేయుడు కానివాడు" అని పట్టుకోవడమే సరి.

కృష్ణలంక: లేదా విసుగు పుట్టకుండా మార్చాడు. అన్ని మార్పులకూ వేదాంతం అక్కర్లేదు.

అద్దంకి వారు: ఉచ్చారణ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఈనాటి గ్రీకుల పలుకుబడి మరీ ఈనాటిది కాదు. "ఎయ్" అనే ద్వంద్వాచ్చు "ఈ"గా మారడం కొత్త నిబంధన కాలానికే మొదలైంది. అందుకే రాతప్రతుల్లో ఈ మాట స్పెల్లింగే రెండు రకాలు. చెవికి అపిథియా, అపిస్తియా (అవిశ్వాసం) ఎంత దగ్గరో చూడండి. హెబ్రీ పత్రిక 4:6లో, దేవుని విశ్రాంతిలో చేరని ఇశ్రాయేలీయుల గురించి, మనకు "అవిధేయతచేత ప్రవేశింపలేదు" అని ఉంది. చెస్టర్ బీటీ పపైరస్ రాతప్రతి (పీ46, సుమారు క్రీ.శ. 200) అక్కడ అపిస్తియా అంటుంది. వల్గేట్ కూడా అదే దారి. గొడవంతా "థి"కీ "స్తి"కీ మధ్యే.

వ్యాకరణం మాస్టారు: లేఖకుడు చెవితో తప్పాడంటారా, కావాలని దిద్దాడంటారా?

అద్దంకి వారు: దిద్దాడనే నా పందెం. అదే హెబ్రీ పత్రిక 3:19లో "అవిశ్వాసముచేతనే వారు ప్రవేశింపలేకపోయిరి" అని అప్పుడే రాసి వచ్చాడు. నాలుగో అధ్యాయంలో అదే సంగతి మళ్లీ వచ్చేసరికి చెయ్యి పాత మాటకే పోయింది.

శబ్దశోధి: ఆ 3:18, 19 పక్కపక్కన చదవండి. ప్రవేశింపరని ఎవరిని గూర్చి ప్రమాణం చేశాడు? అవిధేయులను గూర్చి. ఎందుకు ప్రవేశించలేదు? అవిశ్వాసం వల్ల. రెండు మాటలూ ఒకటే అయితే ఈ వాక్యాలకు పనే లేదు. ఒకటి కారణం, రెండోది పైకి కనిపించిన పని.

కృష్ణలంక: పైకి కనిపించిన పనే అయితే హెబ్రీ 11:31 సంగతి చెప్పండి. యెరికోలో ఇశ్రాయేలు వేగులవారిని చేర్చుకున్న రాహాబు "అవిధేయులతోపాటు నశింపకపోయెను". యెరికో వాళ్లకు ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారని అవిధేయులయ్యారు? ఆజ్ఞే లేని చోట అవిధేయత ఎక్కడిది? అక్కడ నమ్మనివారు అనే చదవాలి, కింగ్ జేమ్స్ చదివినట్టే.

శబ్దశోధి: మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. యెహోషువ 2వ అధ్యాయం చూడండి. రాహాబు ఏమంది? ఎర్ర సముద్రం ఆరిపోయిన సంగతి మేమందరం విన్నాం, మా గుండెలు కరిగిపోయాయి అంది. ఊరు ఊరంతా నమ్మింది! నమ్మి కూడా తలుపులు మూసుకుంది. దాన్ని అవిశ్వాసం అనలేం. మొండితనం అనాలి.

కృష్ణలంక: భయపడటం నమ్మడం కాదు.

కందపద్యం: మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా మట్టుకు నాకు ఆ పైథోకి, మన "బోధ"కి చుట్టరికం ఉందనిపిస్తుంది. పైథ్, బోధ్. బోధపడినవాడు ఒప్పుకుంటాడు, బోధపడనివాడు అపైథెయా. ఎలా ఉంది?

అద్దంకి వారు: వినడానికి బాగుంది, నిలవదు. రెండు ధాతువుల్లోనూ మొదట భకారం ఉండేది, రెండింట్లోనూ వరసగా రెండు మహాప్రాణాలు పడక మొదటిది తేలికైంది. అంతవరకూ మీరు చెప్పినట్టే. కానీ అచ్చు చూడండి, పైథోలో "ఎయ్", బుధ్‌లో "ఎవ్". బుధ్‌కి గ్రీకు చుట్టం పుంథనొమై, అడిగి తెలుసుకోవడం. పైథోకి చుట్టం లాటిన్ ఫిదెస్ (నమ్మకం). సంస్కృతంలో నమ్మకానికి చుట్టరికం చూడాలంటే శ్రద్ధ ఉంది, అది లాటిన్ క్రెదో (నమ్ముతున్నాను)కి అక్క.

కందపద్యం: ఒక్క అచ్చు కోసం చుట్టరికం తెంచేశారు! శ్రద్ధ తెలుగులోకి వచ్చి "శ్రద్ధగా చదువు" అయిపోయింది, అందులో నమ్మకం ఎక్కడ మిగిలింది లెండి.

వ్యాకరణం మాస్టారు: విధేయ శబ్దం గురించి ఎవరూ ఎత్తలేదే! అమరంలో "విధేయో వినయగ్రాహీ వచనేస్థిత ఆశ్రవః". ఆశ్రవుడంటే చెవి ఒగ్గినవాడు. గ్రీకులో విధేయతకు ఇంకో మాట హుపకొయే, అదీ చెవి ఒగ్గడమే. రోమా 5:19లో ఆదాము చేసినది పరకొయే. పక్కకు వినడం, అంటే మన పెడచెవిని పెట్టడం. అపైథెయాలో మాత్రం చెవి లేదు. విన్నాడు, మనసు ఒప్పలేదు.

మెట్టభూమి: అదే నేను చెప్పబోయేది. అపొస్తలుల కార్యములు 19:8, 9 తీయండి. పౌలు సమాజమందిరంలో "తర్కించుచు, ఒప్పించుచు" మూడు నెలలు గడిపాడు. అక్కడ పైథో. మరుసటి వచనం, "కొందరు కఠినపరచబడినవారై యొప్పుకొనక". ఇది మన అపైథెయా క్రియే! మన అనువాదకుడు ఒప్పించు, ఒప్పుకొను జంట వేసి గ్రీకు చమత్కారాన్ని అలాగే దింపేశాడు. ఇంగ్లీషుకు ఈ సదుపాయం లేదు. ఆయన 19లో చేసిన పని యోహాను 3లో చేసి ఉంటే, "కుమారుని విషయమై ఒప్పుకొననివాడు" అని ఉండేది, ఈ చర్చే ఉండేది కాదు.

శబ్దశోధి: ఉండేది. "యేసు ప్రభువని నీ నోటితో ఒప్పుకొని" అనే రోమా 10:9తో గుద్దుకునేది. పాపాలు ఒప్పుకోవడం కూడా అదే మాట. తెలుగులో ఒప్పుకొనుటకు ఇప్పటికే మోయలేనంత బరువు ఉంది.

మెట్టభూమి: సరే, యెషయా 65:2లో "లోబడనొల్లని ప్రజలు" ఉంది కదా. గ్రీకు పాత నిబంధనలో అక్కడ ఇదే క్రియ. పౌలు దాన్ని రోమా 10:21లో ఎత్తుకుంటే మనవాళ్లు "అవిధేయులై యెదురాడు ప్రజలు" చేశారు. ఆ "ఒల్లని" ఎంత బాగుంది! ఒల్లనివాడు అంటే చాలు. నమ్మకమూ లోబడటమూ రెండూ వద్దన్నవాడు.

కృష్ణలంక: "కుమారుని నొల్లనివాడు జీవము చూడడు." బాగానే ఉంది, కానీ ఇప్పుడు ఒల్లడం ఎవరికి తెలుసు?

అద్దంకి వారు: బావర్ కొత్త నిబంధన గ్రీకు నిఘంటువు కూడా రెండు పడవల మీద కాలు పెట్టింది. తొలి క్రైస్తవులకు సువార్తను నమ్మకపోవడమే అన్నిటికన్నా పెద్ద అవిధేయత, కాబట్టి కొన్నిచోట్ల నమ్మకపోవడం అనే అర్థం రావచ్చు అంటుంది. ఆ అర్థం వివాదాస్పదమని కూడా అదే చెబుతుంది.

పాతకాగితం: ఇంత చెప్పారు, నా "నమ్మనివాడు" ఎక్కడిదో మాత్రం...

కందపద్యం: దాన్ని వదలండి. అసలు నమ్మకం, విధేయత విడిపోయే చోటు చూడాలంటే పోతన దగ్గరికి పోవాలి. ప్రహ్లాదుడిని మించిన అవిధేయుడు ఉన్నాడా? తండ్రికి అవిధేయుడు, హరికి విధేయుడు. పైగా ఎంత మర్యాదగా! "చదివించిరి నను గురువులు, చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు". చెప్పిన పనల్లా చేశాడు. ఒప్పుకోలేదు, అంతే.

మెట్టభూమి: చదివించిరి, చదివితి. ఒప్పించు, ఒప్పుకొను లాంటి జంటే ఇదీ. మొదటిదానిలో గురువుల పని, రెండోదానిలో పిల్లవాడి పని.

వ్యాకరణం మాస్టారు: ప్రేరణార్థకం అని ఒక్క మాటలో అనొచ్చు. "చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ" దగ్గరే అసలు కిటుకు. నాలుగు పాదాల్లోనూ చదువే, చివరి చదువు మాత్రం గురువులు చదివించినది కాదు.

కృష్ణలంక: కాదని ఎందుకంటున్నారు? ఆ శాస్త్రాల్లోని మర్మమే కదా చదివాడు. "చదువులలో" అని "లో" వేశాడు పోతన.

వ్యాకరణం మాస్టారు: ఆ "లో" నిర్ధారణకు (అన్నిటిలోంచి ఒకదాన్ని ఎంచడానికి) వేశాడు, అధికరణానికి (లోపల ఉందని చెప్పడానికి) కాదు. "చదువులన్నిటిలోకీ మర్మమైనది" అని.

కృష్ణలంక: అయితే ఆ "ఎల్ల" ఎందుకు? ఒకటే మర్మమైతే ఎల్ల అక్కర్లేదు కదా మాస్టారూ!