పాత మంచినీటి పైపులు, పక్కనే మురుగు కాలువ: ముందు దేన్ని బాగుచేయించాలి?

ప్రశ్న (వార్డు సభ్యుడు, తూర్పు గోదావరి జిల్లా):
మాది సుమారు 600 ఇళ్లున్న పంచాయతీ. ట్యాంకు, పైపులైను 1980ల చివర్లో వేసినవి. వీధుల్లోవి ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు, ఇళ్లకు వెళ్లేవి జీఐ (జింకు పూత ఇనుప) పైపులు. వాటిలో చాలా భాగం మురుగు కాలువలోంచే వెళ్తున్నాయి. ఉదయం గంటసేపే నీళ్లు వదులుతారు. కొన్నాళ్లుగా చివరి వీధిలో మొదటి రెండు బిందెల నీళ్లు వాసన వస్తున్నాయి, ఆ తర్వాత బాగానే ఉంటున్నాయి. ఎక్కువమంది కొత్త ట్యాంకు కట్టించమంటున్నారు. ఉన్న కొద్దిపాటి డబ్బుతో ముందు ఏ పని చేయించడం మంచిది?

జవాబు 1 (గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను):
ఆ రెండు బిందెల మాటలోనే మీకు జవాబుంది. లోపం ట్యాంకుదైతే అన్ని వీధుల్లోనూ, గంటసేపూ వాసన రావాలి. వాల్వు కట్టేశాక పల్లంలోని కుళాయిలు పైపులో మిగిలిన నీటిని లాగేసుకుంటాయి; అప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, తుప్పుపట్టి చిల్లుపడ్డ చోటల్లా బయటి మురుగు లోపలికి వస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించిన ఇళ్లుంటే ఇది ఇంకా ఎక్కువ. క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి చూపే చిన్న పరికరం) ట్యాంకు దగ్గర ఒకసారి, చివరి కుళాయి దగ్గర ఒకసారి పరీక్షించండి. చివరి కుళాయిలో కనీసం 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మిల్లీగ్రాములు) క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర ఉండి, అక్కడ లేకపోతే దారిలో ఏదో దాన్ని తినేస్తోందన్నమాట. ఎంత బ్లీచింగ్ కలిపినా చిల్లు పూడదు కదా! ముందు కాలువ దాటే జీఐ పైపులను తీసేసి, అతుకు లేని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును కాలువ గోడ మీదుగా వేయించండి.

జవాబు 2 (సిద్దిపేట వైపు):
పై సలహాతో ఏకీభవిస్తాను గాని, అంతటితో ఆగితే చాలదు. మా ఊళ్లో పాత పైపును అలాగే ఉంచి దానిమీద సీసీ రోడ్డు వేశారు. వాల్వు గుంటలు రోడ్డు కింద పడిపోయాయి, ఇప్పుడు లీకు ఎక్కడుందో తెలియాలంటే కొత్త రోడ్డునే పగలగొట్టాలి. మీ వీధికి రోడ్డు మంజూరై ఉంటే ముందు పైపు మార్పించండి. ఆస్బెస్టాస్ పైపును మాత్రం పొడిగా కోయనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. వీలైతే భూమిలోనే వదిలేసి పక్కన కొత్తది వేయించండి.

జవాబు 3 (పంచాయతీ కార్యదర్శిగా చేస్తున్నాను):
15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం షరతులతో కూడినవి, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. పాత నిధుల్లో మిగులు ఉందేమో చూడండి; పైపులకు ఒక పద్దు, కాలువకు ఒక పద్దు అవుతాయి కాబట్టి రెండు అంచనాలూ ఒకేసారి వేయించి, గ్రామసభలో తీర్మానం చేయించండి. కొత్త ట్యాంకు అడిగేవారికి క్లోరోస్కోపు చూపించడమే సులువైన మార్గం.

ప్రశ్న అడిగినవారు:
నిన్న అందరి ముందే పరీక్షించాం. ట్యాంకు దగ్గర క్లోరోస్కోపు గొట్టంలో నీళ్లు పసుపు రంగుకు మారాయి, అంటే క్లోరిన్ ఉంది; చివరి కుళాయి దగ్గర రంగే మారలేదు. ఆ వీధిలో 38 కనెక్షన్లు కాలువ దాటుతున్నాయని తేలింది. ఒకదాన్ని పైకి తీస్తే, ఎప్పుడో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టిన అతుకు దగ్గర పైపు చేతిలోనే పొడి అయిపోయింది. ఆ ముక్కను గ్రామసభకు తీసుకువెళ్తున్నాను.