ఫోనులో డబ్బు పంపగలుగుతున్నాం, ఓటు ఎందుకు వేయలేకపోతున్నాం?

ప్రశ్న:
బ్యాంకులో ఉన్న సొమ్మంతటినీ నమ్మి ఫోనుకు అప్పగిస్తున్నాం. కొన్నేళ్లకొకసారి వేసే ఓటును మాత్రం అదే ఫోనులో వేయనివ్వరు. వరుసలో నిలబడలేని వృద్ధులకు, దూరప్రాంతాల్లో ఉద్యోగాలు చేసేవారికి ఇది ఎంతో మేలు చేస్తుంది కదా. సాంకేతికంగా కుదరదా, లేక ప్రభుత్వాలకే ఇష్టం లేదా?

జవాబు 1:
తేడా అంతా రహస్యంలో ఉంది. డబ్బు పంపితే ఎవరి నుంచి ఎవరికి, ఎంత, ఎప్పుడు వెళ్లిందో బ్యాంకులో నమోదై ఉంటుంది కనుక, లెక్క తప్పితే ఫిర్యాదు చేసి సరిచేయించుకోవచ్చు. ఓటు విషయంలో ఓటరు మీరేనని ముందు నిర్ధారించుకోవాలి, ఆ వెంటనే మీకూ ఆ ఓటుకూ ఉన్న సంబంధాన్ని తెంచేయాలి, అయినా అది సరిగ్గా లెక్కలోకి వచ్చిందన్న నమ్మకం మీకు కలిగించాలి. అదీగాక బూత్‌లో తెర చాటున మీరు ఒంటరిగా ఉంటారు. ఇంట్లో అయితే పక్కన నిలబడి ఏ గుర్తు నొక్కాలో ఎవరు గద్దిస్తున్నారో ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేదు. నా దృష్టిలో హ్యాకింగ్ కంటే ఇదే పెద్ద ప్రమాదం.

జవాబు 2:
కుదరని పనేమీ కాదు. యూరప్‌లోని ఎస్టోనియా దేశంలో 2005 నుంచి ఇంటర్నెట్ ద్వారా ఓటు వేస్తున్నారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలా పడినవే. పైన చెప్పిన బెదిరింపుకూ అక్కడ విరుగుడు ఉంది. గడువులోగా ఎన్నిసార్లయినా మళ్లీ ఓటు వేయవచ్చు, చివరిదే చెల్లుతుంది. బూత్‌కు వెళ్లి కాగితంపై వేస్తే ఇంటర్నెట్ ఓటు రద్దవుతుంది. బెదిరించినవాడు వెళ్లిపోయాక మనసుకు నచ్చినట్టు మార్చుకోవచ్చన్నమాట.

జవాబు 3:
ఎస్టోనియా జనాభా సుమారు 13.7 లక్షలు, పైగా అక్కడి పౌరులకు చిప్ ఉన్న గుర్తింపు కార్డులు ఎప్పటినుంచో అలవాటు. నార్వే 2011లోనూ 2013లోనూ ప్రయత్నించి, 2014లో విరమించుకుంది. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో జరిగినది మరీ ఆలోచింపజేస్తుంది. అక్కడ ఒక అభ్యర్థికి సాధ్యమైనదానికంటే ఎక్కువ ఓట్లు వచ్చినట్టు కంప్యూటర్ చూపింది. బూత్‌లోని యంత్రం ఓట్లను నమోదు చేసిన మాగ్నెటిక్ కార్డులను మళ్లీ చదివిస్తే సరిగ్గా 4096 ఓట్లు అదనమని తేలింది. 4096 అంటే 2ను పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య. కంప్యూటర్ ఏ సంఖ్యనైనా 0, 1లతోనే దాచుకుంటుంది కనుక, మెమొరీలో అలాంటి ఒకే ఒక్క అంకె (బిట్) 0 నుంచి 1కి మారినా అంత తేడా రావచ్చు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణం వల్ల అలా జరిగి ఉండవచ్చని అనుమానించారు. కార్డులు మిగిలి ఉన్నాయి కనుక తప్పు దిద్దగలిగారు. ఫోను ఓటుకు అలా మళ్లీ లెక్కించే వస్తువేదీ మిగలదు. సాంకేతిక పరిజ్ఞానం లేని సామాన్యుడు కూడా ఎన్నికలోని ముఖ్య దశలను సరిచూసుకోగలగాలని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో చెప్పింది. నేను ఆ మాటకే కట్టుబడతాను.

ప్రశ్న వేసినవారు:
మరి పోస్టల్ బ్యాలెట్‌ను కూడా ఇంట్లోనే నింపుతారు కదా, అక్కడ బెదిరింపు ఉండదా?

జవాబు 3 రాసినవారు:
ఉంటుంది, కాదనను. అయితే కవర్లను ఒక్కొక్కటిగా మార్చాలంటే ఎంతోమంది మనుషులు కావాలి, వారిలో ఎవరో ఒకరు బయటపడతారు. సాఫ్ట్‌వేరులో ఒక్క చోట మారిస్తే లక్షల ఓట్లు ఒకేసారి మారిపోవచ్చు. మీరు చెప్పిన వృద్ధుల కోసమైతే సిబ్బందే ఇంటికి పెట్టె తీసుకువెళ్లి ఓటు వేయించడం మేలు.