ట్రీకిల్ టార్ట్: పాకమా, మడ్డా?

సుభద్ర: ఒక వాక్యం బుర్రలోంచి పోవడం లేదు. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం, హాగ్వర్ట్స్‌లో మొదటి విందు. హ్యారీ ట్రీకిల్ టార్ట్ వడ్డించుకుంటుంటే కబుర్లు ఇంటివాళ్ళ మీదికి మళ్ళాయి. ఇలాగే కదా ఉంటుంది? మెట్ల కింద అలమరలో పెరిగిన పిల్లాడి పళ్ళెంలోకి ఆ టార్ట్, అంటే ఇంగ్లీషువాళ్ళ తీపి వంటకం, వస్తుంది, చుట్టూ అందరి ఇళ్ళ ముచ్చట్లు. తెలుగులో రాయబోయి ‘ట్రీకిల్’ అనే చిక్కటి తీపి ద్రవం దగ్గర ఆగిపోయాను. బెల్లప్పాకం అనాలా, మడ్డి అనాలా?

ప్రసాద్: వాక్యం అదే. కానీ అసలు చోటు ఆరో పుస్తకం (2005). అమోర్టెన్షియా అనే ప్రేమ మందు ఆవిరిలో అతనికి తగిలే మూడు వాసనల్లో ఒకటి ఈ టార్ట్‌దే. మిగతావి చీపురు కర్ర, రాన్ వాళ్ళింటి దగ్గరి పూల వాసన లాంటిదేదో. ఇక్కడ మడ్డి అని రాస్తే చక్కెర ఫ్యాక్టరీ పక్కన బస్సు ఆగినట్టుంటుంది.

పద్మావతి: మడ్డి కానే కాదు. పేరుకే ట్రీకిల్, టార్ట్‌లో వేసేది గోల్డెన్ సిరప్. 1883లో లండన్‌లో లైల్ ఫ్యాక్టరీ వాళ్ళు చక్కెర శుద్ధిలో మిగిలిన ద్రవం నుంచి తీశారు, మంచి తేనె రంగు. దాన్ని వేడిచేసి బ్రెడ్ పొడి, నిమ్మరసం కలిపి, వెన్నతో చేసిన పిండి గిన్నెలో పోసి కాలుస్తారు. మిగిలిపోయిన రొట్టె ఇలా చెల్లిపోతుంది, అందుకే అది ఇంటి వంట. ‘పాకం’ రాసేయండి.

మూర్తి: పాకం ఎలా అవుతుందమ్మా? లేతదైనా ముదురుదైనా పాకం చల్లారితే గడ్డ కట్టాలి. ఇది ఎన్నాళ్ళైనా కారుతూనే ఉంటుంది.

పద్మావతి: గులాబ్‌జామ్ పాకంలో నిమ్మచెక్క పిండేది ఎందుకు మాస్టారూ? చక్కెర విరిగి, పలుకు కట్టకుండా ఉండటానికే. సిరప్‌లోనూ అదే సంగతి.

మూర్తి: సరే, వంటింట్లో మీరే గెలిచారు. కానీ మాట పుట్టింది వంటింట్లో కాదు, మందుల కొట్లో. గ్రీకు ‘థీరియాకే’, అంటే క్రూర జంతువుల విషానికి విరుగుడు. 1568 నాటి ఇంగ్లీషు అనువాదం బిషప్స్ బైబిల్లో యిర్మీయా ప్రవక్త ‘గిలాదులో ట్రీకిల్ లేదా’ అనే అడుగుతాడు. మన బైబిల్లో అదే చోట ‘గుగ్గిలము’ ఉంది.

ప్రసాద్: అయితే గుగ్గిలం టార్ట్ రాయమంటారా?

మూర్తి: హాస్యం కాదు. ఊరట అనే అర్థం ఆ మాటలో ముందునుంచీ ఉందంటున్నా. ఆక్స్‌ఫర్డ్ దగ్గర బిన్సీ చర్చి పక్కన రోగాలు నయం చేస్తుందని పేరుపడ్డ ట్రీకిల్ బావి ఇప్పటికీ ఉంది. ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ (1865) కథలో డార్‌మౌస్ అనే నిద్రమొహం ఎలుక చెప్పే ట్రీకిల్ బావి దీనిమీద చమత్కారమే అంటారు.

శైలజ: ఆలిస్ అనగానే నేనొచ్చేశా. ఆ బావిలోని అక్కచెల్లెళ్ళు ట్రీకిల్ ‘డ్రా’ చేస్తారు. తోడటమూ అదే మాట, బొమ్మ వేయడమూ అదే మాట. ఈ శ్లేష తెలుగులోకి రాదని పెద్దలు చేతులెత్తేస్తారు. ఎందుకు రాదు? బొమ్మ గీస్తాం, కల్లూ గీస్తాం! బావిని తాటిచెట్టు చేసి లొట్టి కట్టేస్తే సరి, ట్రీకిల్ తాటిపాకం అయిపోతుంది.

ప్రసాద్: దండం! కానీ పిల్లల పుస్తకంలో కల్లా?

శైలజ: నీరా అనండి. తాటిబెల్లం తినని పిల్లలున్నారా?

రాఘవ: పాకం అన్నారు కాబట్టి నా రెండు మాటలు. కవిత్వంలో ద్రాక్షా, కదళీ, నారికేళ అని మూడు పాకాలు మనకు చాలవా? విశ్వనాథ వారిది నారికేళం, కొట్టుకుంటే గానీ నీళ్ళు రావు. పోతనది నోట్లో పెట్టగానే కరిగేది. ‘మందార మకరంద’ ఉన్న భాషలో గోల్డెన్ సిరప్‌కి మాట లేదంటారేమిటి? ‘మకరంద టార్ట్’ అనండి.

మూర్తి: మకరందం పువ్వుది రాఘవగారూ, ఇది చెరకుది. పోతన ఒప్పుకోడు.

సుభద్ర: పాకం విషయం అలా ఉంచండి, నాకు కావలసింది ఊరట. నార్నియా పిల్లల కథ (1950)లో మాట్లాడే బీవర్ జంతువుల ఇంట్లో పెట్టే మార్మలేడ్ రోల్‌కీ ఇదే చిక్కు. మంత్రగత్తె ఇచ్చే టర్కిష్ డిలైట్ మిఠాయి తిన్నకొద్దీ ఆబ పెంచుతుంది, రోల్ మాత్రం అందరూ కలిసి తింటారు, ఆ తర్వాత టీ. ఆ పుస్తకం వచ్చేనాటికి బ్రిటన్‌లో చక్కెర ఇంకా రేషనే, 1953 దాకా. అప్పటి పిల్లలకు ఆ బల్ల ఎలా కనిపించి ఉంటుంది? ‘నారింజ జామ్ చుట్ట’ అంటే మనకేం కనిపిస్తుంది?

పద్మావతి: టార్ట్‌ని టార్ట్ అనే ఉంచి, ముందు ‘తీపి’ అని తగిలించండి. వాసన చదివేవాళ్ళే తెచ్చుకుంటారు.

మూర్తి: ‘తీపి’ పేలవం. గుగ్గిలం కాకపోయినా ‘మందు’ ధ్వని ఉండాలి.

ప్రసాద్: శైలజగారూ, ఒక చిక్కు. తాటికి గెల గీస్తారు, ఈతకు కాండం గీస్తారు. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ బావి అడుగున ఉన్నారు కదా, ఏది గీస్తారు?

శైలజ: వాళ్ళు చెట్టెక్కారని రాస్తానండీ. డార్‌మౌస్ ఎలాగూ నిద్రలోనే చెబుతోంది.