అప్‌డేట్: దసరా సెలవుల్లో హోంవర్కూ, బొమ్మల కొలువూ

సెలవుల్లో పిల్లల హోంవర్క్ ఆగకుండా బొమ్మల కొలువు ఎలా పెట్టాలని అడిగాను కదా, మీ సలహాలు బాగా పనికొచ్చాయండీ. పొద్దున టిఫిన్ కాగానే చదువు, ఆ తర్వాతే బొమ్మలు అన్నాం. పేచీ లేకుండా సాగింది.

కింది మెట్టు మీద పిల్లలే మా నెల్లూరు కట్టారు. పళ్లెంలో తడి ఇసుక పోసి ఆవాలు చల్లితే నాలుగు రోజుల్లో పచ్చగా పొలం లేచింది. నీలం కాగితంతో పెన్న, దాని ఒడ్డున అట్టతో రంగనాథస్వామి గాలిగోపురం. పాప ఉదయగిరి చెక్క గరిటెలతో వంటిల్లు సర్దింది, నాకు అదే అన్నిటికంటే నచ్చింది.

కొండపల్లి బొమ్మల్ని తడిగుడ్డతో తుడవొద్దని చెప్పిన అక్కకు ప్రత్యేకంగా థాంక్స్. పొడి బ్రష్‌తో దులిపి, పాత నూలు చీర ముక్కల్లో చుట్టి దాచాం.